వత్తు ఏ మీటలో ఉంది?

కొత్త మిక్సీ కొంటే డబ్బాలో ఒక చిన్న పుస్తకం ఉంటుంది. ఏడెనిమిది భాషల్లో, చీమ తలకాయంత అక్షరాలతో. దాన్ని ఎవరూ చదవరు. వారంటీ కార్డు దాచుకుని, పుస్తకాన్ని పాత కరెంటు బిల్లుల కింద పడేస్తారు. నష్టమేమీ లేదు. మిక్సీ ఎలా తిప్పాలో షాపు కుర్రాడు చూపించే ఇస్తాడు. ఇంటికి తెచ్చాక పక్కింటావిడ చెబుతుంది. చట్నీకి ఏ జారో, పసుపుకి ఏ జారో అమ్మకి ఎటూ తెలుసు. మన ఇళ్లలోకి వచ్చే ప్రతి వస్తువు వెనకా, దాన్ని వాడటం నేర్పే మనిషి ఒకరు ఉంటారు.

ఊరికే వచ్చే సాఫ్ట్‌వేరు సంగతి అలా కాదు. దానికి షాపు లేదు, షాపు కుర్రాడు లేడు. పక్కింటివాళ్లు దాని పేరు కూడా విని ఉండరు. ఆ చిన్న పుస్తకమే గతి! కొన్నేళ్లుగా సెలవు రోజుల్లో నేను చేస్తున్న పని అలాంటి పుస్తకాలు దిద్దడం. జీతం లేదు. 'కంప్యూటర్ పని చేస్తున్నావంటే ప్రోగ్రాములు రాస్తున్నావనుకున్నాం, ఇదేంటి... కామాలు, ఫుల్‌స్టాపులు సరిచేసుకుంటూ!' అని ఇంట్లో వేళాకోళం. వాళ్లకి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూనే ఇది రాస్తున్నాను.

ఓపెన్ సోర్స్ అనే మాట చాలామంది వినే ఉంటారు. మామూలు సాఫ్ట్‌వేరు హోటల్ భోజనం లాంటిది. తినొచ్చు గానీ వంటింట్లోకి రానివ్వరు. ఓపెన్ సోర్స్ అంటే తలుపు తీసిపెట్టిన వంటిల్లు. ఏ దినుసు ఎంత వేశారో చూడొచ్చు, ఉప్పు తక్కువైతే వేసుకోవచ్చు, నలుగురికీ వడ్డించొచ్చు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ఇలాంటి సాఫ్ట్‌వేరుతోనే పూర్తి వ్యవస్థ కడతానని ప్రకటించాడు. 1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి లినక్స్‌కి శ్రీకారం చుట్టాడు. ఉత్తరాలు, లెక్కలు రాసుకునే లిబ్రేఆఫీస్ కూడా ఆ కోవలోదే. జర్మనీలో పుట్టిన స్టార్‌ఆఫీస్‌ని 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ కొని, మరుసటి ఏడాది దాని కోడ్‌ని లోకానికి ఇచ్చేసింది. 2010లో స్వచ్ఛంద కార్యకర్తలు దాన్నుంచి వేరుపడి లిబ్రేఆఫీస్ మొదలుపెట్టారు. పైసా కట్టక్కర్లేదు. పాత కంప్యూటర్లో కూడా నడుస్తుంది. తెలుగు రాయడం వచ్చు.

ఇంత మంచి వస్తువు ఉండగా జనం ఎందుకు వాడరు? కారణాలు చాలా ఉన్నాయి గానీ, నా మటుకు నాకు కనిపించేది ఆ చిన్న పుస్తకమే. నేనొక్కడినే అంటున్న మాట కాదిది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులో అతి పెద్ద లోటు సాఫ్ట్‌వేరులో లేదు, మంచి మాన్యువల్స్ లేకపోవడంలో ఉందని స్టాల్‌మన్ ఏనాడో రాశాడు. 2017లో గిట్‌హబ్ సంస్థ ఓపెన్ సోర్స్ మనుషుల మీద సర్వే చేస్తే, 93 శాతం మంది మార్గదర్శకాలు అరకొరగానో గందరగోళంగానో ఉన్నాయన్నారు. అదే సర్వేలో, కోడ్ రాసి పంపేవాళ్లలో 60 శాతం మంది, మార్గదర్శకాల జోలికి ఎప్పుడో గానీ వెళ్లమని లేదా అసలు వెళ్లమని చెప్పారు. పెళ్లిలో పాయసం కలపడానికి పదిమంది ముందుకొస్తారు. అంట్లు తోమడానికి ఎవరొస్తారు?

పాతరోజుల వాళ్లని మెచ్చుకోవాలి. 1971 నవంబరులో యునిక్స్ మొదటి మాన్యువల్ వచ్చినప్పుడు, దాన్ని రాసింది యునిక్స్‌ని తయారుచేసిన కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలే. అందులో ఆదేశాల వివరాల్లో 'లోపాలు' అని ఒక శీర్షిక ఉండేది. ఇది ఇక్కడ సరిగా పనిచేయదు అని తామే రాసిపెట్టేవాళ్లు. మన మందుల డబ్బాల మీద కూడా ఆ నిజాయితీ దొరకడం కష్టం. అయితే ఆ పుస్తకం రాసింది తోటి ప్రోగ్రామర్ల కోసం. ఏమీ తెలియనివాళ్ల కోసం కాదు.

ఏమీ తెలియనివాళ్లు అన్నాను గానీ... ఆ మాట తప్పు. ఎందుకు తప్పో మా మేనత్త నేర్పింది.

మా అత్తయ్య జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండితురాలిగా ముప్ఫై నాలుగేళ్లు చేసి రిటైరైంది. వయసు డెబ్భై నాలుగు. తెనాలి దగ్గర ఊరు. వాళ్లమ్మ, అంటే మా నాయనమ్మ, పాడిన పాటలు మూడు నోటుపుస్తకాల్లో రాసుకుంది. మంగళహారతులు, దంపుళ్ల పాటలు, పెళ్లిలో వియ్యపురాలిని ఆటపట్టించే పాటలు, జోలపాటలు. మొదటి నోటుపుస్తకాన్ని 2002లో ఒక డీటీపీ సెంటర్లో ఇచ్చి టైపు చేయించింది. అచ్చు వేయించడానికి డబ్బు సమకూరలేదు. వాళ్లు సీడీ ఇచ్చారు. నోటుపుస్తకం తర్వాత తీసుకోవచ్చులే అని అక్కడే ఉంచింది. ఆ సెంటరు మూతపడింది. పుస్తకం పోయింది. మిగిలింది సీడీ.

ఇరవై ఏళ్ల తర్వాత ఆ సీడీ నా చేతికి వచ్చింది. తెరిస్తే ఇంగ్లిషు అక్షరాలు, డాలరు గుర్తులు, చుక్కలు, గీతలు! తెలుగు అక్షరం ఒక్కటి లేదు. అత్తయ్య ముఖం చిన్నబోయింది. డీటీపీ చేసినవాళ్లకి ఇది తెలిసిన కథే. అప్పట్లో అంతా పేజ్‌మేకర్, అను ఫాంట్ల కాలం. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాల బొమ్మలు ఇంగ్లిషు అక్షరాల కుర్చీల్లో కూర్చునేవి. ఫాంటు ఉంటే తెలుగులా కనిపిస్తుంది, లేకపోతే కింద ఉన్న కుర్చీ బయటపడుతుంది. యూనికోడ్ వచ్చాక తెలుగుకి 3072 నుంచి 3199 వరకు సొంత అంకెలు కేటాయించారు. 'క' అంటే 3093. ప్రపంచంలో ఏ కంప్యూటర్లో తెరిచినా అది 'క'నే. పాత ఫైళ్లని కొత్త పద్ధతిలోకి మార్చే సాధనాలు ఉన్నాయి. కానీ ఆ సీడీ గీతలు పడిపోయి, సగం పైన చదవడానికే మొరాయించింది.

''పోతే పోయిందిలే. నాకు నోటికొచ్చు కదా, నేనే కొట్టుకుంటాను. ఎలాగో చెప్పు'' అంది అత్తయ్య.

అదే రోజుల్లో, తెలుగులో లిబ్రేఆఫీస్ వాడటం గురించి కొందరు స్వచ్ఛందంగా రాసిన ఒక గైడుని తిరగరాసే పని మా బృందానికి వచ్చింది. నలభై పేజీలు. రాసినవాళ్లు విషయం తెలిసినవాళ్లు, శ్రద్ధ ఉన్నవాళ్లు. పైకి చూస్తే ఏ వంకా కనిపించదు. సరే, ఇది కొత్తవాళ్లకి పనికొస్తుందో లేదో తేల్చడానికి అత్తయ్యని మించిన మనిషి ఎవరు? ఒక ఆదివారం గైడు ప్రింటు తీసి, మనవడు వదిలేసిన పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టాను. ఒకటే షరతు. నేను పక్కనే ఉంటాను గానీ నోరు మెదపను. మనసులో ఏమనుకుంటే అది పైకి అనాలి. నేను రాసుకుంటాను.

''పరీక్ష నాకా?'' అంది. 

''నీక్కాదు, కాగితాలకి'' అన్నాను. 

ముప్ఫై ఏళ్లు పరీక్షహాల్లో తిరిగిన మనిషి కదా, నమ్మినట్టు లేదు.

మొదటి పేజీలోనే ఆగింది. 'ముందుగా కావలసినవి: 64 బిట్ ఆపరేటింగ్ సిస్టమ్' అని ఉంది. ''నా దగ్గర ఉందా అది?'' అని నన్నడిగింది. నేను మాట్లాడకూడదు. ల్యాప్‌టాప్‌ని అటూ ఇటూ తిప్పి చూసింది. వెనక్కి తిప్పి స్టిక్కరు చదివింది. పచ్చళ్లకి కావలసిన పదార్థాలు రాసినట్టు రాశారు గానీ, అది మన ఇంట్లో ఉందో లేదో ఎక్కడ చూడాలో రాయలేదు. నిజానికి ఆ ల్యాప్‌టాప్‌లో లిబ్రేఆఫీస్ అప్పటికే ఉంది. ఆ పేజీ ఆవిడకి అవసరమే లేదు. 'ఇది ఇప్పటికే మీ కంప్యూటర్లో ఉంటే అయిదో పేజీకి వెళ్లండి' అనే వాక్యం ఒక్కటి ఉంటే పావుగంట మిగిలేది.

తర్వాత కీబోర్డు. తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక అమరిక ఉంది. అచ్చులు, గుణింతాల గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు. భారతీయ భాషలన్నింటికీ ఒకే ఏర్పాటు. తెలుగులో 'క' ఎక్కడుందో హిందీలో 'క' కూడా అక్కడే. అత్తయ్యకి ఇది బాగా నచ్చింది. ''ఎవరో బుర్ర ఉన్నవాళ్లు పెట్టారు'' అంది. పటం చూసుకుంటూ 'తల', 'వల', 'పలక' అని రాసింది. ఒకటో తరగతి పిల్లలా సంబరపడింది. తర్వాత 'అక్క' అని రాయబోయింది.

''వత్తు ఏ మీటలో ఉంది?''

పటమంతా వెతికింది. క వత్తు లేదు. మ వత్తు లేదు. ఏ వత్తూ లేదు. గైడులోకి వెళ్లింది. అందులో ఇలా ఉంది: 'సంయుక్తాక్షరాల కోసం మొదటి హల్లు తర్వాత విరామ చిహ్నం నొక్కి, రెండో హల్లు టైపు చేయండి.' అత్తయ్య ఒకటికి రెండుసార్లు చదివింది. తర్వాత చాలా నమ్మకంగా అ కొట్టి, క కొట్టి, కామా పెట్టి, క కొట్టింది.

తెర మీద 'అక,క' అని పడింది.

కామా తీసి ఫుల్‌స్టాపు పెట్టింది. సెమీకోలన్ పెట్టింది. ఆశ్చర్యార్థకం కూడా పెట్టి చూసింది. పాపం, ఆవిడ తప్పేముంది? తెలుగు వ్యాకరణంలో విరామ చిహ్నాలంటే అవే! పిల్లలచేత బెంచీ ఎక్కించి మరీ వల్లె వేయించింది. యూనికోడ్ పట్టికలో పొల్లు గుర్తుకి 'విరామ' అని పేరు. అనువాదం చేసినవాళ్లు దాన్ని అలాగే దించేశారు. ఆ మాట కంప్యూటరు వాళ్లకి ఒక అర్థం, తెలుగు వచ్చిన మనిషికి ఇంకో అర్థం. తెలుగు ఎంత బాగా వస్తే అంత లోతుగా తప్పులో దిగిపోయే వాక్యం అది.

పది నిమిషాల తర్వాత అత్తయ్య కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. ''నాకిది రాదులేరా. వయసైపోయింది'' అంది.

ఆ మాట దగ్గరే నాకు కడుపులో తిప్పినట్టయింది. వాక్యం తప్పు. కానీ ఆవిడ తనని తాను తప్పుపట్టుకుంటోంది. గైడు రాసినవాళ్లకి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. ఇలా ఆగిపోయినవాళ్లు ఫిర్యాదు చేయరు. ఉత్తరం రాయరు. 'మనకి రాదులే' అని ల్యాప్‌టాప్ మూసేసి, వంటింట్లోకి వెళ్లిపోతారు. అత్తయ్య అలా వెళ్లిపోయి ఉంటే ఆ పాటలు ఆవిడతోపాటే ఆగిపోతాయి. మా నాయనమ్మ గొంతు విన్నవాళ్లు ఇప్పుడు ఇద్దరే మిగిలారు, అత్తయ్య, రేపల్లెలో ఉన్న చిన్నత్తయ్య.

షరతు పక్కన పెట్టేశాను. ''అత్తయ్యా, క్క అనే అక్షరాన్ని విడదీసి చెప్పు'' అన్నాను.

''క్ ప్లస్ క'' అంది ఠక్కున.

''మొదటి క్ కింద ఏముంది?''

''పొల్లు.''

''ఆ పొల్లు డి మీటలో ఉంది.''

క, పొల్లు, క. తెర మీద 'క్క' పడింది. అత్తయ్య మళ్లీ కళ్లజోడు పెట్టుకుంది. అమ్మ, అన్న, తమ్ముడు, చెల్లెలు, వరసగా అందరినీ రాసేసింది. ఆనక నావైపు తిరిగి, ''ఇందులో కొత్తేముందిరా? ముప్ఫై నాలుగేళ్లు ఇదే చెప్పాను. క్ కి క చేరితే క్క అని. ఇంత తేలిక ముక్కని అంత తిప్పి రాయడం ఎందుకు?'' అని కోప్పడింది.

మొత్తం ఆ మధ్యాహ్నం పదకొండు చోట్ల ఆగింది. నా నోటుపుస్తకంలో ఉంది లెక్క. అన్నీ చెప్పను గానీ ఒక రెండు చెప్పాలి. ఒకటి, అక్షరాల సైజు. కళ్లు ఆనక సైజు పెంచబోయింది. గైడు చెప్పినట్టే స్టైల్ పెట్టె తెరిచి అంకె మార్చింది. ఇంగ్లిషు అక్షరాలు పెరిగాయి, తెలుగు పెరగలేదు. లిబ్రేఆఫీస్‌లో ఇంగ్లిషు వంటి భాషల ఫాంటుకి ఒక గడి, తెలుగు, హిందీ, అరబిక్ వంటి లిపులకి వేరే గడి ఉంటాయి. ఆ రెండోది కనిపించాలంటే టూల్స్‌లో ఆప్షన్స్‌కి వెళ్లి, భాషల విభాగంలో 'కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్' అనే చోట టిక్కు పెట్టి ఉండాలి. అంటే సంక్లిష్ట లిపి అని. అత్తయ్య ''తెలుగు సంక్లిష్టమా?'' అని మరోసారి కోప్పడింది. అది వేరే గొడవ. ఆ టిక్కు సంగతి గైడులో ఉంది. ముప్ఫై ఎనిమిదో పేజీలో, అనుబంధంలో. అవసరం పడింది తొమ్మిదో పేజీలో.

రెండోది, భద్రపరచడం. మనవడికి పంపాలని వర్డ్ రకం ఫైలుగా దాచబోతే ఒక పెట్టె తెరుచుకుంది. ఈ రూపంలో దాస్తే పత్రంలోని కొన్ని హంగులు పోవచ్చు, ఇదే ఉంచమంటారా, సొంత రూపంలో దాచమంటారా అని దాని సారాంశం. ఇంగ్లిషులో అది చదివిన అత్తయ్య మౌసు వదిలేసి చెయ్యి వెనక్కి లాక్కుంది. 'పోవచ్చు' అనే మాట చాలు. ఒకసారి నోటుపుస్తకం పోగొట్టుకున్న మనిషి! ఈ పెట్టె గురించి గైడులో ఒక్క ముక్క లేదు. రోజూ వాడేవాళ్లకి అది కనిపించడమే మానేసి ఉంటుంది. చూడకుండానే బొత్తాం నొక్కేస్తారు.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1990లో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధకురాలు ఒక సరదా ప్రయోగం చేసింది. కొందరిని బాగా తెలిసిన పాటల దరువుని వేళ్లతో బల్ల మీద కొట్టమంది. ఎదుటివాళ్లు పాట పేరు చెప్పాలి. సగం మందైనా కనుక్కుంటారని కొట్టినవాళ్లు అనుకున్నారు. 120 పాటల్లో కనుక్కున్నవి మూడు! కొట్టేవాడి బుర్రలో పాట మోగుతూ ఉంటుంది. వినేవాడికి టకటక తప్ప ఏమీ లేదు. ఈ ఆదివారం మీ ఇంట్లో పిల్లలతో ఆడి చూడండి, పోట్లాటలు ఖాయం. గైడు రాసే నిపుణుడి పరిస్థితీ అదే. ఆయన టకటకలాడిస్తున్నాడు, పాట మోగుతోందనే అనుకుంటున్నాడు.

పదకొండు ఆగుళ్ల జాబితా పట్టుకుని బృందం దగ్గరికి వెళితే అందరూ చప్పట్లు కొట్టలేదు. బృందంలో పెద్దాయన ఒకరున్నారు. తెలుగు ఫాంట్లు, కీబోర్డులు కంప్యూటర్లో సరిగా పనిచేయడానికి పన్నెండేళ్లు రాత్రులు కూర్చుని పనిచేసిన మనిషి. ఆయన అడిగిన ప్రశ్న సబబైనదే. ''ప్రతి చిన్నదీ రాసుకుంటూ పోతే నలభై పేజీలు నూట నలభై అవుతాయి. ఎవరు చదువుతారు? ఏడాదికి రెండుసార్లు సాఫ్ట్‌వేరు మారుతుంది, బొమ్మలన్నీ పాతబడతాయి. ఎవరు మారుస్తారు?''

దీనికి నా దగ్గర చక్కని సమాధానం లేదు. ఇప్పటికీ పూర్తిగా లేదు. బొమ్మల సంగతిలో ఆయనదే పైచేయి. తెర ఫొటోలు తీసి పెట్టడం సులువు, మార్చడం నరకం. అందుకని బొమ్మలు తగ్గించి, మారని వాటికే పెట్టాం. కీబోర్డు పటం మారదు కాబట్టి అది పేజీ నిండా వేశాం. లావు గురించి మాత్రం నేను ఒప్పుకోలేదు. చేర్చాల్సినవి ఉన్నాయి నిజమే, తీసేయాల్సినవి అంతకంటే ఎక్కువ ఉన్నాయి. లిబ్రేఆఫీస్ చరిత్ర మూడు పేజీలు, లైసెన్సు వివరాలు రెండు పేజీలు గైడు మొదట్లోనే ఉన్నాయి. అన్నప్రాశన రోజున పిల్లాడికి వరి వంగడాల చరిత్ర చెబుతామా?

డానియెలె ప్రొచీడా అనే ఆయన ఈ విషయం మీద ఏళ్ల తరబడి పనిచేసి, మార్గదర్శకాలు నాలుగు రకాలని తేల్చారు. చెయ్యి పట్టుకుని నేర్పే పాఠం, ఫలానా పని ఎలా చేయాలో చెప్పే చిట్కా, అన్ని వివరాలూ ఉన్న నిఘంటువు, ఎందుకు ఇలా ఉందో చెప్పే వివరణ. నాలుగూ కావాల్సినవే. నాలుగింటినీ ఒకే గిన్నెలో కలిపితేనే చిక్కు. మన పెద్ద బాలశిక్షలో అక్షరాలు ముందొచ్చి, గుణింతాలొచ్చి, వత్తులొచ్చి, ఆ తర్వాతే నీతివాక్యాలు, ఎక్కాలు, తిథులు, నక్షత్రాలు వస్తాయి. ఏది ఎప్పుడో తెలిసిన పుస్తకం అది. మా గైడులో తిథులు, నక్షత్రాలే ముందున్నాయి.

ఇక మాటల గొడవ. ఇది ఏ తెలుగు బృందంలోనూ తెగదు. ఫైలు అనాలా, దస్త్రం అనాలా? సేవ్ చేయండి అనాలా, భద్రపరచండి అనాలా? ఒక వర్గం భాషని కాపాడాలంటుంది. రెండో వర్గం జనాన్ని కాపాడాలంటుంది. నేను తెలివిగా అత్తయ్యని అడిగాను, తెలుగు పండితురాలు కదా, మొదటి వర్గానికి బలం వస్తుందేమోనని అందరూ ఎదురుచూశారు. ''దస్త్రం అంటే కరణం గారింట్లో ఎర్రగుడ్డలో కట్టిన మూటరా. నేను రాసుకునేది ఫైలే'' అంది. 'భద్రపరచు' మాత్రం ఉంచమంది. 'మీట' చాలా బాగుంది అంది. పద్ధతి ఏమీ లేదు, చెవికి నచ్చితే ఉంచడమే. చివరికి మేం పెట్టుకున్న నియమం ఒకటే. తెర మీద ఏ మాట ఉంటే గైడులోనూ అదే మాట. తెర మీద ఒకటి, కాగితంలో ఒకటి ఉంటే కొత్తవాళ్లు అవి రెండు వేర్వేరు వస్తువులనుకుంటారు. తెర మీది మాట నచ్చకపోతే ముందు అక్కడ మార్పించాలి. దానికి వేరే తలుపు తట్టాలి.

అత్తయ్య తర్వాత ఇంకో ఇద్దరిని కూర్చోబెట్టాం. మండలాఫీసు పక్కన జిరాక్సు షాపు నడిపే ఆయన ఒకరు, డిగ్రీ చదివే అమ్మాయి ఒకరు. షాపాయన పదిహేనేళ్లుగా పాత కీబోర్డు మీద అర్జీలు కొడుతున్నాడు. ఆయనకి పొల్లు ఒక పట్టాన ఎక్కలేదు. చేతివేళ్లు వాటంతట అవే పాత వత్తుల మీటల మీదికి పోతున్నాయి. అత్తయ్యకి సాయం చేసిన పేరా ఆయనకి అడ్డం. ఆయనకి కావాల్సింది పాత మీటకి కొత్త మీట ఏదో చూపించే పట్టిక. అమ్మాయికి కీబోర్డుతో ఇబ్బందే లేదు. ఫోనులో ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటు. ఆమె ఆగిన చోటు వేరు. 'సాఫ్ట్‌వేర్' అనే మాట రాస్తే ఫ, ట, వ మూడూ ఒకదాని కింద ఒకటి వేలాడుతున్నాయి. ట పొల్లు దగ్గర ఆపి, వ పక్కన పడాలంటే మధ్యలో కంటికి కనపడని ఒక అక్షరం కొట్టాలి. దాని వెడల్పు సున్నా. పని మాత్రం అక్షరాల్ని కలవకుండా ఆపడం. కనపడని అక్షరం గురించి కనపడేలా రాయడం ఎలాగో చెప్పండి! ఆ పేరా అయిదుసార్లు రాశాం. చివరికి అమ్మాయే రాసింది. రెండు కుర్చీల మధ్య ఖాళీ కుర్చీ అని మొదలుపెట్టింది. మాకెవరికీ తట్టలేదు.

ఆ అమ్మాయిని చూశాకే నాకు ఒకటి తట్టింది. ఈ పనిలో కొత్తవాళ్ల దగ్గర ఉన్నది మా ఎవరి దగ్గరా లేదు, వాళ్ల తెలియనితనం. అది వారం పది రోజులే ఉంటుంది. తర్వాత అలవాటై, వాళ్లకి కూడా ఆ పెట్టెలు, టిక్కులు కనిపించడం మానేస్తాయి. అందుకే ఇప్పుడు బృందంలోకి ఎవరు కొత్తగా వచ్చినా మొదటి రోజు మేం పని చెప్పం. ఒక నోటుపుస్తకం ఇచ్చి, గైడు చూసుకుంటూ మీ పేరు, ఊరు, ఒక ఉత్తరం రాసి దాచండి, ఎక్కడ ఆగారో అది రాయండి అంటాం. ప్రోగ్రాములు రాద్దామని వచ్చిన కుర్రాళ్లు మొదట్లో మొహం మాడ్చుకుంటారు. తమ పేరా అచ్చులో చూసుకున్నాక సర్దుకుంటారు.

పెద్దాయన ఈమధ్య మెత్తబడ్డారు. ఒకరోజు తనే ఫోన్ చేసి, వాళ్ల బావమరిదిని గైడు ముందు కూర్చోబెట్టానని చెప్పారు. ''తొమ్మిది చోట్ల ఆగాడు'' అన్నారు. గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది.

గైడు ఇప్పుడు ముప్ఫై ఒక్క పేజీలు. మొదటి పేజీలో 'అక్క' ఉంది.

అత్తయ్య రెండో నోటుపుస్తకం, మూడోది పూర్తిచేసింది. పోయిన మొదటి పుస్తకాన్ని జ్ఞాపకం మీద కొడుతోంది. రోజుకో పాట. కొన్నింట్లో ఒక చరణం గుర్తురాదు. అక్కడ ఖాళీ వదిలి, రేపల్లెకి ఫోన్ చేస్తుంది. అక్కచెల్లెళ్లిద్దరూ ఫోన్లో పాడుకుంటారు. ఒకరిది ఒక పాఠం, ఇంకొకరిది ఇంకో పాఠం. ఏది సరైనదో తేలక వాదులాడుకుని, చివరికి రెండూ రాస్తోంది. నలభై ఆరు పాటలు అయ్యాయి. అత్తయ్య లెక్క ప్రకారం ఇంకో ఇరవై ఉండాలి.

మొన్న కొత్త చిక్కు తెచ్చింది. పుస్తకానికి పేజీ అంకెలు వేయాలట. ముఖచిత్రానికీ, అంకితం పేజీకీ అంకె ఉండకూడదు. మూడో పేజీ దగ్గర 'ఒకటి' అని మొదలవ్వాలి. గైడంతా వెతికాను, లేదు. లిబ్రేఆఫీస్‌లో అది చేయొచ్చు గానీ, దానికి పేజీ స్టైల్ అంటే ఏమిటో ముందు చెప్పాలి. అది చెప్పాలంటే... రెండుసార్లు రాసి పంపాను. రెండుసార్లూ ఎర్ర ఇంకుతో గుండ్రాలు చుట్టి తిప్పి పంపింది. మూడోది రాస్తున్నాను.